పాయింట్లు విడిపోయే క్షణం: ఒక పాత బుల్లెట్ టైమింగ్ డైరీ

మొదటి రోజు

ఇంజను ఓవర్‌హాల్ నిన్నటితో ముగిసింది. సిలిండరుకు బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్, రింగులు వేసి, వాల్వులను గ్రైండ్ చేసి, హెడ్ బిగించిన తరువాత ఈ రోజు మొదటిసారి కిక్ కొట్టాను. ఏడో కిక్కుకు స్టార్టయింది. అయితే అంతకుముందు రెండుసార్లు కిక్ రాడ్ వెనక్కి తన్నింది, రెండోసారి ఎంత బలంగా తన్నిందంటే అరికాలి నుంచి మోకాలి దాకా నొప్పి పాకింది. స్టార్టయ్యాక స్లో స్పీడులో ఇంజను నిలకడగానే కొట్టుకుంది గాని, కొద్ది దూరం నడిపి చూసేసరికి చిన్న ఎత్తు ఎక్కుతున్నప్పుడే లోపల గోళీలు గిన్నెలో పోసినట్టు నాకింగ్ శబ్దం వినిపించింది. వెంటనే గ్యాస్ తగ్గించి బండిని ఆపేశాను.

వెనక్కి తన్నడం, బరువు మీద నాకింగ్ రెండూ ఒకే తప్పును చూపుతున్నాయి: నిప్పురవ్వ పడవలసిన దాని కంటే ముందే పడుతోంది. ఇందులో ఆశ్చర్యం లేదు. రవ్వ పడే సమయాన్ని నిర్ణయించే డిస్ట్రిబ్యూటర్‌ను బిగించేటప్పుడు ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి, పిస్టన్ పైకి వచ్చిందని చేతి స్పర్శతో అంచనా వేసి, అది అక్కడికి చేరడానికి కొంచెం ముందు పాయింట్లు, అంటే విడిపోగానే రవ్వ పుట్టించే రెండు లోహపు బిళ్లలు, విడిపోయేలా కంటితో చూసి పెట్టాను. ఇంజను స్టార్టవుతుందా లేదా అని చూడటానికి ఆ మాత్రం చాలు. కొత్త పిస్టన్‌ను కాపాడుకోవడానికి చాలదు.

ఇది పాయింట్ల కాలపు 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం. దీనికి టైమింగ్‌ను, అంటే రవ్వ పడే క్షణాన్ని, క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) డిగ్రీలలో కాక పిస్టన్ కొలతలో చెప్పడం ఆనవాయితీ: వేగాన్ని బట్టి రవ్వను ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఉన్న స్థితిలో, కంప్రెషన్ స్ట్రోకు చివర పిస్టన్ శిఖరానికి ఇంకా 0.8 మిల్లీమీటరు దిగువన ఉండగా పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పటి గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు మధ్య ఉండాలి. చెప్పడానికి ఈ రెండు అంకెలే. అయితే రెండోది సరిగా లేనిదే మొదటిదానికి అర్థం లేదు, ఆ రెండింటికీ ఆధారమైన పిస్టన్ శిఖర స్థానం ఎక్కడో కచ్చితంగా తెలియనిదే ఏదీ కొలవలేము. అందుకని రేపటి నుంచి పునాది నుంచి పని మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

రెండో రోజు

ముందు పిస్టన్ శిఖరం, అంటే టాప్ డెడ్ సెంటర్. ప్లగ్ విప్పి, ఒక సన్నని ఉక్కు కడ్డీని రంధ్రంలోకి దించి, దాని కదలికను చూస్తూ టైమింగ్ పెట్టడం చాలామంది చేసే పద్ధతి. నేనూ అదే ప్రయత్నించాను. పది నిమిషాలలోనే అందులోని రెండు చిక్కులు బయటపడ్డాయి.

మొదటిది, ప్లగ్ రంధ్రం నిలువుగా లేదు, ఏటవాలుగా ఉంది. ఆ రంధ్రం దారిలోనే జారే కడ్డీ పిస్టన్ అసలు ప్రయాణాన్ని చూపదు, ఏటవాలు మేరకు పెంచి చూపుతుంది. రంధ్రం 30 డిగ్రీలు వాలి ఉందనుకుంటే, పిస్టన్ 0.8 మిల్లీమీటరు కదిలినప్పుడు కడ్డీ 0.92 మిల్లీమీటరు కదులుతుంది. పిస్టన్ తల గుండ్రంగా ఉంటే లెక్క ఇంకా చెడుతుంది. కడ్డీని రంధ్రంలో వీలైనంత నిలువుగా పట్టుకోమని చెప్పేది ఇందుకే, కాని రంధ్రం అంచులు దానికి పూర్తిగా ఒప్పుకోవు.

రెండో చిక్కు ఇంకా ముఖ్యమైనది. శిఖరం దగ్గర పిస్టన్ దాదాపు నిలబడిపోతుంది. క్రాంక్ శిఖరానికి రెండు డిగ్రీలు ఇటు ఉన్నా అటు ఉన్నా పిస్టన్ ఎత్తులో తేడా మిల్లీమీటరులో వందో వంతులు మూడు మాత్రమే, మామూలు సిగరెట్ కాగితం మందం పాటిది. ఆ తేడాను కడ్డీ మీద వేలితో పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. "ఇదే శిఖరం" అని చేతికి తోచిన చోటు నిజంగా నాలుగైదు డిగ్రీల వెడల్పున్న మైదానం.

కాబట్టి శిఖరాన్ని శిఖరం దగ్గర వెతకకూడదు. దానికి రెండు పక్కలా, పిస్టన్ చురుకుగా కదిలే చోట రెండు గుర్తులు పెట్టుకుని, వాటి మధ్య బిందువును తీసుకోవాలి. దీనికి ఒక పాత ప్లగ్ పింగాణీని పగలగొట్టి తీసేసి, మిగిలిన ఉక్కు భాగంలో మర కోసి, గుండ్రని మొన ఉన్న బోల్టు బిగించి, పిస్టన్‌ను అడ్డగించే స్టాపర్‌గా మార్చుకున్నాను. ప్రైమరీ చైన్ కేసు కింద పళ్లెం పెట్టి, మూతను పట్టి ఉంచే ఒకే ఒక్క నట్టును విప్పి, ఆయిలు పూర్తిగా కారనిచ్చి, క్రాంక్ చివర రోటరు నట్టు కింద డిగ్రీల చక్రాన్ని బిగించాను. ఒక స్టడ్డుకు మందపాటి రాగి తీగను కట్టి, దాని మొనను సానబట్టి సూచికగా వంచాను. చక్రం మీద సున్నాను చేతి అంచనాతోనే శిఖరం దగ్గర పెట్టాను, అది తప్పైనా ఇబ్బంది లేదు, తరువాత సరిదిద్దుకోవచ్చు.

పిస్టన్‌ను కిందికి దించాక స్టాపర్‌ను బిగించి, టాప్ గేరులో వెనక చక్రాన్ని రెండు చేతులతో నెమ్మదిగా తిప్పాను. పిస్టన్ వచ్చి బోల్టుకు మెత్తగా ఆనింది. చక్రం మీద శిఖరానికి ముందు 31 డిగ్రీలు. ఇప్పుడు వెనక్కి తిప్పి, దిగువ మీదుగా చుట్టి, రెండో వైపు నుంచి ఆనించాను: శిఖరం తరువాత 35 డిగ్రీలు. ఇలా చుట్టి వచ్చేటప్పుడు వాల్వులు తెరుచుకుంటాయి, పొడవైన స్టాపర్ అయితే వాల్వు తలకు తగలవచ్చు. కాబట్టి బోల్టును పొట్టిగా ఉంచుకోవాలి, ఎక్కడ ఏ కొంచెం అడ్డు తగిలినా బలవంతం చేయకుండా ఆగిపోవాలి. కిక్ రాడ్‌తో గాని, మోటారుతో గాని ఈ పని ఎన్నడూ చేయరాదు.

31, 35ల నడుమ బిందువు 33. అంటే చేతి స్పర్శతో నేను శిఖరమనుకున్నది రెండు డిగ్రీలు తప్పు. సూచికను వంచి సరిచేసి, మళ్లీ రెండు వైపులా ఆనించి చూస్తే 33, 33 వచ్చాయి. ఈ అంకెల జంట చూసినప్పుడు కలిగిన నిశ్చింతను మాటల్లో పెట్టడం కష్టం. ఇకపై చేసే ప్రతి కొలతకూ ఇదే ఆధారం.

ఇక 0.8 మిల్లీమీటరును డిగ్రీలలోకి మార్చాలి. గత వారం హెడ్ బిగించకముందే, పిస్టన్ తల మధ్యలో డయల్ గేజ్ (సూక్ష్మ కదలికను ముల్లుతో చూపే పరికరం) నిలిపి, ఇదే డిగ్రీల చక్రంతో కొలిచి పుస్తకంలో రాసి పెట్టుకున్నాను: 0.8 మిల్లీమీటరు దిగువ అంటే శిఖరానికి ముందు 9.5 డిగ్రీలు. గేజ్ మొనను పిస్టన్ అంచు మీద కాక పిన్ను గీత మీద, మధ్యగా పెట్టాలి. లేకపోతే సిలిండరులో పిస్టన్ అటూ ఇటూ ఒరిగే కదలిక కూడా కొలతలో కలుస్తుంది.

రాత్రి పని ముగించేముందు, దేన్నీ కదపకుండా, ప్రస్తుతం పాయింట్లు ఎక్కడ విడిపోతున్నాయో చూశాను. శిఖరానికి ముందు 21 డిగ్రీలు. ఉండవలసిన దానికి రెట్టింపు కంటే ఎక్కువ. కిక్ రాడ్ ఎందుకు తన్నిందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

మూడో రోజు

ఈ రోజంతా పాయింట్ల మీదే గడిచింది, గడవవలసిందే.

కాయిల్ ఇగ్నిషన్‌లో పాయింట్లు మూసుకుని ఉన్నంత సేపు బ్యాటరీ కరెంటు కాయిల్ ప్రైమరీ చుట్ల గుండా ప్రవహించి ఇనుప గుండెలో అయస్కాంత క్షేత్రాన్ని నింపుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణాన ఆ ప్రవాహం తెగి, క్షేత్రం కుప్పకూలి, సన్నని సెకండరీ చుట్లలో వేల వోల్టులు పుట్టి ప్లగ్ దగ్గర రవ్వగా దూకుతాయి. పాయింట్లకు సమాంతరంగా ఉన్న కండెన్సర్ ఆ క్షణంలో పాయింట్ల మధ్య మెరుపు సాగిపోకుండా కరెంటును తనలోకి తీసుకుని, తెగడాన్ని పదునుగా చేస్తుంది. అంటే ఇంజనుకు సంబంధించినంత వరకు టైమింగ్ అంటే ఈ రెండు చిన్న లోహపు బిళ్లలు విడిపోయే క్షణమే.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ఫీలర్ గేజ్‌తో, అంటే తెలిసిన మందం ఉన్న పలుచని రేకుతో, కొలిస్తే గ్యాప్ 0.38 మిల్లీమీటరు వచ్చింది. చక్కని కొలత. ఇక్కడే సంతృప్తిపడి మూత పెట్టేసేవాణ్ణి, కాని విడదీసి వెలుతురులో చూద్దామనిపించింది. పాయింట్లను భూతద్దం కింద పెట్టి చూస్తే ఒక బిళ్ల మీద చిన్న బూడిదరంగు కొండ, దానికి ఎదురుగా రెండో బిళ్లలో సరిగ్గా అదే ఆకారపు గుంట ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒక వైపు నుంచి మరొక వైపుకు లోహం కొద్దికొద్దిగా బదిలీ అయిన ఫలితం. ఫీలర్ గేజ్ రేకు చదునైనది కనుక, అది కొండ కొనకూ గుంట గట్టుకూ మధ్య ఉన్న దూరాన్నే కొలుస్తుంది. కొండ గుంటలో కూర్చునే బిళ్లల నడుమ అసలు ఎడం అంతకంటే ఎక్కువ. అంచున ఎక్కడ బిళ్లలు చదునుగా మిగిలాయో అక్కడ గుండ్రని తీగ గేజ్‌తో చూస్తే 0.48 మిల్లీమీటరు తేలింది.

ఈ పాయింట్లను ఆయిల్ స్టోన్ మీద రాసి చదును చేయవచ్చు, అత్యవసరమైతే అదే చేయాలి. అయితే గుంట లోతుగా ఉన్నప్పుడు దానిని పూర్తిగా పోగొట్టేసరికి బిళ్లలో లోహమే మిగలదు. అందుచేత కొత్త పాయింట్ సెట్ వేశాను. కొత్తవాటి మీద తుప్పు పట్టకుండా పూసే పలుచని నూనె పొర ఉంటుంది. దాన్ని పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవకుండా బిగిస్తే రవ్వ బలహీనంగా ఉండి, కాయిల్ చెడిందేమోనని అనవసరంగా వెతుక్కోవలసి వస్తుంది. బిళ్లలు రెండూ ముఖాముఖి పూర్తిగా ఆనుతున్నాయో లేదో చూసి, కొంచెం పక్కకు ఉన్న స్థిర బిళ్ల పలకను సరిచేశాను. తిరుగుతూ పాయింట్లను విడదీసే క్యామ్ మీద ఆడే ఫైబరు మడమకు వేడికి కరగని గ్రీజును అగ్గిపుల్ల తలంత రాశాను. అంతకు మించితే అది ఎగిరి బిళ్లల మీద పడుతుంది.

క్యామ్ మడమను పూర్తిగా పైకెత్తిన స్థితిలో గ్యాప్‌ను 0.38కి పెట్టి, స్క్రూ బిగించి, మళ్లీ కొలిచాను. బిగించేటప్పుడు పలక కదిలి 0.41 అయింది. మూడోసారికి 0.38 దగ్గర నిలిచింది.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ బాడీని ఏమాత్రం కదపకుండా, నిన్నటి కొలతనే మళ్లీ చేశాను. నిన్న 21 డిగ్రీలు, ఈ రోజు 15 డిగ్రీలు. గ్యాప్‌లో మిల్లీమీటరులో పదో వంతు మార్పు, టైమింగ్‌లో ఆరు డిగ్రీల మార్పు. కారణం సులువైనదే: గ్యాప్ ఎక్కువగా ఉంటే క్యామ్ గట్టు మీద మడమ కొంచెం ఎక్కగానే బిళ్లలు విడిపోతాయి, తక్కువగా ఉంటే ఇంకా పైకి ఎక్కాలి. పైగా క్యామ్ క్రాంక్ వేగంలో సగంతో తిరుగుతుంది కనుక, క్యామ్ దగ్గర మూడు డిగ్రీల తేడా క్రాంక్ దగ్గర ఆరు డిగ్రీలుగా కనిపిస్తుంది. టైమింగ్ పెట్టిన తరువాత గ్యాప్ సరిచేయడం ఎంత పెద్ద పొరపాటో ఈ రెండు అంకెలు చెబుతాయి. గ్యాప్ ముందు, టైమింగ్ తరువాత. ఈ వరుసను తిరగెయ్యడానికి వీలు లేదు.

ఒక విషయం రాసి ఉంచుతున్నాను. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును వేళ్లతో పక్కకు నొక్కితే చాలా కొంచెం ఆడుతోంది. ఈ వయసు బండికి ఇంత సహజమేనని ప్రస్తుతానికి వదిలేశాను.

నాలుగో రోజు

స్టాటిక్ టైమింగ్, అంటే ఇంజను ఆగి ఉండగా పెట్టేది. పాయింట్లు విడిపోయే క్షణాన్ని పట్టుకోవడానికి నాలుగు దారులు ఉన్నాయి. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితపు ముక్కను పెట్టి, మెల్లగా లాగుతూ, అది వదులయ్యే చోటును చూడటం ఒకటి. ఇగ్నిషన్ ఆన్ చేసి, హెడ్‌లైట్ మీది ఆమ్మీటర్ ముల్లు డిశ్చార్జి వైపు నుంచి మధ్యకు దూకడాన్ని చూడటం మరొకటి. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్ మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది, విడిపోగానే ఆ ముల్లు తిరిగి వచ్చేస్తుంది. బుల్లెట్ నడిపేవారు కిక్ కొట్టేముందు కంప్రెషన్ ఎక్కడుందో తెలుసుకోవడానికి వాడే గుర్తు కూడా ఇదే. మూడోది చిన్న టెస్ట్ బల్బు. నాలుగోది నడిచే ఇంజనులో రవ్వ పడినప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ లైట్, దాని సంగతి రేపు.

నేను బల్బును ఎంచుకున్నాను. తక్కువ వాట్ల బల్బుకు ఒక తీగను పాయింట్ల టెర్మినల్‌కు, రెండో తీగను ఇంజను బాడీకి కలిపాను. పాయింట్లు మూసి ఉంటే కరెంటు వాటి గుండానే పోతుంది, బల్బు ఆరి ఉంటుంది. విడిపోగానే బల్బు గుండా పోక తప్పదు, వెలుగుతుంది. చక్రాన్ని తిప్పుతూ కంటిని డిగ్రీల చక్రం మీద పెట్టి, కనుచివరతో బల్బును చూసుకోవచ్చు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి పాయింట్లు మూసుకుని ఉన్న స్థితిలో ఎక్కువ సేపు వదలకూడదు, కాయిల్ వేడెక్కుతుంది. ప్రతి కొలత మధ్య తాళం తిప్పి ఆపాను.

నాలుగు స్ట్రోకుల చక్రంలో పిస్టన్ శిఖరానికి రెండుసార్లు వస్తుంది కనుక ఇది కంప్రెషన్ స్ట్రోకేనని, రెండు వాల్వులూ మూసి ఉన్నాయని వాల్వులను తెరిచే టాపెట్ల వదులును చేత్తో తాకి నిర్ధారించుకున్నాను. ఇంకొక నియమం: కొలత బిందువును ఎప్పుడూ ఇంజను తిరిగే దిశలోనే సమీపించాలి. టైమింగ్ గేర్ల పళ్ల మధ్య ఉండే వదులు వల్ల వెనక్కి తిప్పుతూ వచ్చి చూస్తే కొలత మారిపోతుంది. ఒకసారి పరీక్షగా చూశాను: ముందుకు తిప్పుతూ 15, వెనక్కి వస్తూ 17. కొలత దాటిపోతే పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావలసిందే.

డిస్ట్రిబ్యూటర్ బాడీ గాడి రంధ్రాలలోని రెండు నట్లతో నిలుస్తుంది. క్యామ్ తిరిగే దిశకు ఎదురుగా బాడీని తిప్పితే రవ్వ ముందుకు వస్తుంది, అదే దిశలో తిప్పితే వెనక్కి పోతుంది. నాకు 15 నుంచి 9.5కు, అంటే ఐదున్నర డిగ్రీలు వెనక్కి పోవాలి. బాడీని తిప్పవలసింది అందులో సగమే, మూడు డిగ్రీల లోపే. కంటికి అది కదిలినట్టే అనిపించదు. నట్లను పూర్తిగా వదులు చేయకుండా, కొంచెం బిగువుగా ఉంచి, బాడీని చెక్క పిడితో మెల్లగా తట్టాను. మొదటి ప్రయత్నంలో 8. రెండోసారి 11. మూడోసారి 9.5 వచ్చింది గాని, నట్లు బిగించగానే 10.5కు జరిగింది. నట్లు బిగించేటప్పుడు బాడీ ఎటు జరుగుతుందో గమనించి, ముందుగానే ఒక డిగ్రీ తక్కువ చేసి పెట్టి, రెండు నట్లనూ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగిస్తే ఐదో ప్రయత్నంలో 9.5 దగ్గర నిలిచింది. వరుసగా ఆరుసార్లు చక్రం తిప్పి చూశాను. 9.5, 9.5, 10, 9.5, 9, 9.5. ఈ అర డిగ్రీ చెదురు నా కంటిదా, షాఫ్టుదా అన్నది రేపు తేలాలి.

ఐదో రోజు

నిలిచి ఉన్న ఇంజనులో పెట్టిన టైమింగ్ తిరిగే ఇంజనులోనూ అలాగే ఉంటుందని నమ్మడానికి లేదు, ఉండకూడదు కూడా. మిశ్రమం ఒక్కసారిగా పేలదు, ప్లగ్ దగ్గర మొదలైన మంట దహన గది అంతా పాకడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ సమయం వేగం పెరిగినంతగా తగ్గదు, క్రాంక్ మాత్రం ఆగదు. నిమిషానికి 1000 చుట్ల దగ్గర ఒక మిల్లీసెకనులో క్రాంక్ 6 డిగ్రీలు తిరిగితే, 4000 చుట్ల దగ్గర అదే మిల్లీసెకనులో 24 డిగ్రీలు తిరుగుతుంది. పీడనం శిఖరం దాటిన కొద్ది డిగ్రీలకే గరిష్ఠానికి చేరి పిస్టన్‌ను కిందికి నెట్టాలంటే, వేగం పెరిగే కొద్దీ రవ్వ ముందుగా పడుతూ ఉండాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని రెండు బరువులు తిరుగుడుకు బయటికి విచ్చుకుని, స్ప్రింగులను సాగదీసి, క్యామ్‌ను ముందుకు తిప్పేది ఇందుకే.

డిగ్రీల చక్రం విప్పి, రోటరు ముఖం మీద శిఖరానికీ, 9.5కూ, 20కీ, 32కూ తెల్ల రంగుతో సన్నని గీతలు పెట్టాను. డిగ్రీల చక్రాన్ని బిగించి ఉంచి ఇంజనును నడపడం ప్రమాదం. ప్రైమరీ చైనుకు బ్రష్షుతో ఆయిలు పూసి, మూత లేకుండా రెండేసి నిమిషాలకు మించకుండా నడిపాను. వదులు దుస్తులు, చేతి తొడుగు అంచులు చైను దరిదాపులకు రాకూడదు. స్ట్రోబ్‌కు కరెంటు వేరే బ్యాటరీ నుంచి ఇచ్చాను.

మొదటి సంతోషం: కిక్ వెనక్కి తన్నలేదు. రెండో కిక్కుకే స్టార్టయింది. ఆ తరువాత చూసింది మాత్రం సంతోషపెట్టలేదు. స్ట్రోబ్ వెలుగులో గీత నిశ్చలంగా నిలవవలసింది పోయి, రెండు గీతలుగా, ఒక్కోసారి మూడుగా చెదిరి కనిపించింది. ఆ చెదురు వెడల్పు దాదాపు ఐదు డిగ్రీలు. అంటే ఒక రవ్వ 7 దగ్గర, మరొకటి 12 దగ్గర పడుతున్నాయి. నిన్న ఆరు కొలతల సగటు సరిగ్గా ఉన్నా, ఇంజనుకు సగటుతో పని లేదు, ప్రతి రవ్వా దానికి వేరే రవ్వే.

రెండో లోపం. రేజ్ ఇస్తే గీత 26 దాకా వెళ్లి అక్కడే ఆగింది. థ్రాటిల్ వదిలాక ఇంజను వేగం వెంటనే తగ్గక, కొన్ని క్షణాలు పైన వేలాడి, తరువాత దిగింది. బరువులు తిరిగి ముడుచుకోవడంలో బద్ధకిస్తున్నాయని దీని అర్థం. స్లో స్పీడులో నాలుగు రోజుల కిందట నిలకడగా అనిపించిన ఆ కొట్టుకోవడం కూడా బహుశా సగం విచ్చుకున్న బరువుల పుణ్యమే.

షాఫ్టును మొన్న వేళ్లతో నొక్కినప్పుడు తెలిసిన ఆ చిన్న ఆటను వదిలేయకుండా ఉండవలసింది. ఫీలర్ గేజ్ పెట్టి, షాఫ్టును ఒక వైపుకు నొక్కి చూస్తే గ్యాప్ 0.42, ఎదురు వైపుకు నొక్కితే 0.34. మొన్న చూసిన లెక్క ప్రకారం ఈ తేడా ఒక్కటే ఐదు డిగ్రీలకు సమానం. స్ట్రోబ్ చూపింది కూడా ఐదే. రెండు వేర్వేరు దారులు ఒకే అంకెకు చేరినప్పుడు ఇక అనుమానం అక్కరలేదు: షాఫ్టును పట్టి ఉంచే బుష్ అరిగిపోయింది.

ఎనిమిదో రోజు

డిస్ట్రిబ్యూటర్‌ను బయటికి తీశాను. తీసేముందు బాడీకీ కేసుకూ మీదుగా ఒక గీత, గేరు పళ్లకు రంగు చుక్కలు పెట్టుకున్నాను. లేకుంటే మళ్లీ పన్ను అటూ ఇటూ అయి, మొత్తం మొదటికి వస్తుంది.

పాత బుష్ లోపలి రంధ్రం గుండ్రంగా లేదు, ఒక వైపుకు కోడిగుడ్డులా సాగింది. మడమ స్ప్రింగు షాఫ్టును ఎప్పుడూ ఒకే వైపుకు నెడుతుంది కనుక అరుగుదల ఆ వైపే. షాఫ్టును మైక్రోమీటరుతో కొలిస్తే దాని మీద అరుగుదల లెక్కలోకి రానంత స్వల్పం, అది అదృష్టం. కంచు బుష్‌ను లేతు మీద తిప్పించి, ఒక రాత్రంతా ఆయిలులో నానబెట్టి, బాడీలోకి నొక్కి, రీమరుతో షాఫ్టుకు సరిపడా రంధ్రం చేయించాను. బుష్‌ను నొక్కినప్పుడు అది కొంచెం ముడుచుకుంటుంది. అందుకని చివరి కొలతను నొక్కిన తరువాతే రీమరుతో తెచ్చుకోవాలి, ముందు కాదు.

బరువుల దగ్గర ఎండిపోయిన పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. కిరోసినుతో కడిగి, పివట్ పిన్నులకు పలుచని ఆయిలు చుక్క వేశాను. చేత్తో తిప్పి వదిలితే క్యామ్ టక్కున వెనక్కి వచ్చి ఆనుతోంది. పూర్తి ప్రయాణాన్ని కొలిస్తే క్యామ్ దగ్గర 11 డిగ్రీలు, అంటే క్రాంక్ దగ్గర 22. స్టాటిక్ 9.5కు ఇది కలిస్తే 31.5 రావాలి.

తిరిగి బిగించి, అంతా మొదటి నుంచి చేశాను. గ్యాప్ 0.38. ఇప్పుడు షాఫ్టును ఎటు నొక్కినా 0.38. తరువాత బల్బు, డిగ్రీల చక్రం, రెండు నట్లు. చేయి అలవాటు పడింది కాబట్టి రెండో ప్రయత్నంలోనే 9.5. ఆరు కొలతలూ 9.5.

తొమ్మిదో రోజు

స్ట్రోబ్ వెలుగులో గీత ఒక్కటే. స్లో స్పీడులో 9.5 గీత సూచిక ఎదుట, రాయి మీద చెక్కినట్టు నిలిచింది. రేజ్ పెంచుతూ పోతే 20 గీత సాఫీగా దాటి, 32 గీతకు ఒక వెంట్రుక ముందు ఆగిపోయింది. ఆ తరువాత ఎంత రేజ్ ఇచ్చినా కదలలేదు. థ్రాటిల్ వదలగానే ఇంజను కూడా, గీత కూడా ఒకే ఊపున కిందికి వచ్చాయి. నిన్న కాగితం మీద వేసిన 31.5 అన్న లెక్క ఈ రోజు వెలుగులో కనిపించింది.

మూత బిగించి, ప్రైమరీ ఆయిలు పోసి, బండిని బయటికి తీశాను. ఆమ్మీటర్ ముల్లు మధ్యకు దూకే దాకా కిక్ రాడ్‌ను మెల్లగా దించి, సిలిండరులోని ఒత్తిడిని వదిలే డీకంప్రెసర్ నొక్కి శిఖరాన్ని కొంచెం దాటించి, రాడ్‌ను పైకి రానిచ్చి, నిండు కిక్ ఒక్కటి. మొదటి కిక్కుకే. మొదటి రోజు నాకింగ్ వినిపించిన ఎత్తునే, అదే గేరులో, అంతకంటే బరువుగా ఎక్కించాను. నాకింగ్ లేదు. స్ట్రోకు స్ట్రోకుకూ వెనక చక్రం నేలను నెడుతున్నట్టు తెలిసే ఆ నిదానమైన, లోతైన దెబ్బ మాత్రమే వినిపించింది. ఇన్ని రోజుల పని ఆ శబ్దం కోసమే.

కొత్త బోరు కనుక వేగం పెంచకుండా, ఒకే వేగం మీద ఎక్కువ సేపు ఉండకుండా నడిపాను. ఇల్లు చేరి ప్లగ్ విప్పితే పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది. సైలెన్సరు పైపు మొదట్లో కొత్త నీలిమ ఏమీ రాలేదు. రవ్వ మరీ ఆలస్యమైతే మంట సిలిండరులో ముగియక పైపులోకి పోయి, అక్కడ క్రోమ్‌ను నీలం చేస్తుంది. కాబట్టి రెండో వైపు తప్పు కూడా లేదన్నమాట.

ఐదు వారాల తరువాత

500 కిలోమీటర్లు పూర్తయ్యాయి. కొత్త ఫైబరు మడమ క్యామ్ మీద ఒరుసుకుని కుదురుకునే కాలం ఇదే కనుక ఈ తనిఖీ ముందే అనుకున్నది. ఇంజనులో తేడా ఏమీ తెలియలేదు, కిక్ ఇంకా మొదటిదో రెండోదో. అయినా మూత తీసి చూశాను. గ్యాప్ 0.33. మడమ మిల్లీమీటరులో వందో వంతులు ఐదు అరిగింది. డిగ్రీల చక్రం మళ్లీ బిగించి బల్బు పెట్టి చూస్తే పాయింట్లు 6.5 దగ్గర విడిపోతున్నాయి, మూడు డిగ్రీలు ఆలస్యం. మడమ అరిగే కొద్దీ రవ్వ వెనక్కే జారుతుంది, అందుకే ఎదురుతన్నులూ నాకింగూ లాంటి హెచ్చరిక ఏదీ రాదు. బండి రోజుకింత మందగిస్తుంది, నడిపేవారు దానికి అలవాటు పడిపోతారు.

గ్యాప్‌ను 0.38కి తిరిగి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ నట్ల జోలికి పోకుండా మళ్లీ కొలిచాను. 9.5. మడమకు గ్రీజు రాసి మూత పెట్టాను. తరువాతి తనిఖీ మరో 1000 కిలోమీటర్లకు. అప్పుడు అరుగుదల ఇందులో సగం కూడా లేకపోతే మడమ కుదురుకున్నట్టే.